ఎడారిలో జమ్మిచెట్టు

రాజస్థాన్‌లోని థార్ ఎడారిలో జైసల్మేరు పట్టణం ఉంది. రావల్ జైసల్ 1156లో దీనిని స్థాపించాడు. పసుపుపచ్చని రాతితో కట్టిన కోట, ఇళ్లు ఎండలో బంగారంలా మెరుస్తాయి. అక్కడ ఏడాదికి సగటున కురిసే వాన సుమారు 20 సెంటీమీటర్లే.

ఉద్యోగరీత్యా అక్కడికి కొత్తగా చేరినవారికి మొదట బెంగ కలుగుతుంది. ఎటు చూసినా ఇసుక, రాళ్లు, పగలు వడగాలి. పిల్లలు బయట తిరిగేదెలా? ఆ ఊరివారే దారి చెబుతారు. వేసవిలో తెల్లవారుజామున గానీ, పొద్దు వాలాక గానీ బయలుదేరాలి. నీళ్లు వెంట ఉండాలి. ఇసుక తిన్నెల్లో తెలిసినవారి తోడు లేకుండా నడవరాదు. అక్కడ గాలికి అడుగుజాడలు చెరిగిపోతాయి.

ఇలా తిరిగినవారికి ఎడారి గుట్టు తెలుస్తుంది. ఊరి అంచున గడిసర్ చెరువు ఉంది. పూర్వం వాననీటిని నిలవచేసి ఊరి దాహం తీర్చింది ఇదే. ఊరికి పడమరగా సుమారు 40 కిలోమీటర్ల దూరంలో సమ్ ఇసుక తిన్నెలు ఉన్నాయి.

ఈ ఎడారి ప్రాంతానికి ప్రాణం వంటిది ఖేజ్రీ చెట్టు. దాని వేళ్లు ఎంతో లోతుకు పోయి నీటిని అందుకుంటాయి. ఆకులు మేకలకు, ఒంటెలకు మేత. కాయలను ‘సాంగ్రీ’ అంటారు, కూర వండుకుంటారు. 1730లో జోధ్‌పూర్ దగ్గరి ఖేజడ్లీ గ్రామంలో ఈ చెట్లను నరకనీయక అమృతాదేవి మొదలుగా 363 మంది బిష్ణోయీలు ప్రాణాలిచ్చారు.

ఖేజ్రీ మరేదో కాదు, దసరానాడు తెలుగువారు పూజించే జమ్మిచెట్టే! ఊరు కొత్తదైనా చెట్టు పాత చుట్టమే. నేలను తెలుసుకున్నవారికి ఏ ఊరూ పరాయిది కాదు.

ప్రశ్నలు
1. ఎడారిలో తిరిగేవారు ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?
2. మీ ఊరిలో జమ్మిచెట్టును ఏమని పిలుస్తారు? పెద్దలను అడిగి రాయండి.