టెండరు చదివేవాళ్లు కావాలి

దేశంలో ఎన్నో డ్యాముల దగ్గర పాలమూరు కూలీల గుడిసెలు వెలిశాయి. తట్ట మనది, టెండరు కాగితం మాత్రం ఇంకెవరిదో. ఆ కాగితం ఇప్పుడు కంప్యూటర్లోకి వచ్చేసింది. మహబూబ్‌నగర్, నల్లగొండల్లో డిగ్రీ అయిపోయి గ్రూప్స్ నోటిఫికేషన్ కోసం కూర్చున్న పిల్లలకు అందులో ఒక పని ఉంది. చిన్న వ్యాపారుల తరఫున ప్రభుత్వ టెండర్లు వేసిపెట్టడం.

ఉమ్మడి రాష్ట్రంలో 2003లో ఈ-ప్రొక్యూర్‌మెంట్ మొదలయ్యాక టెండరు పెట్టెకు కాపలా కాసే రోజులు పోతూ వచ్చాయి. 2016లో కేంద్రం ప్రభుత్వ కొనుగోళ్లకు జెమ్ పోర్టల్ తెచ్చింది. బీబీనగర్ ఎయిమ్స్ లాంటి కేంద్ర సంస్థలకు కుర్చీ కావాలన్నా, దుప్పటి కావాలన్నా అక్కడ చూడాల్సిందే. నారాయణపేట నేత యూనిట్‌కు, మిర్యాలగూడ వర్క్‌షాపుకు, ఆస్పత్రులకు హౌస్‌కీపింగ్ మనుషుల్ని పెట్టే ఏజెన్సీకి సరుకు తెలుసు, పని తెలుసు. నలభై పేజీల టెండరు డాక్యుమెంటు చదివే తీరికే లేదు. మీ అవసరం అక్కడే.

అప్‌లోడ్ చేయడం వారంలో వస్తుంది. చదవడం రావడానికే ఏళ్లు పడుతుంది. అడిగిన టర్నోవర్ ఎంత, పాత పని అనుభవం ఎన్నేళ్లది, ఈఎండీ (బిడ్‌తో కట్టే ధరావతు) ఎంత, కారిజెండం (టెండరులో సవరణ) వచ్చిందా? ఇవి తేలకుండా రేటు జోలికి పోవద్దు. సీఏ ఇచ్చిన టర్నోవర్ సర్టిఫికెట్ మీద యూడీఐఎన్ (ఆ సర్టిఫికెట్‌ను సరిచూసే నంబరు) ఉందో లేదో చూడండి. కేంద్ర ఈ-ప్రొక్యూర్‌మెంట్ పోర్టల్‌లో రేట్లు నింపే బీఓక్యూ ఎక్సెల్ ఫైలును అందం కోసం కూడా ముట్టుకోవద్దు. పేరు మార్చినా బిడ్ పోవచ్చు.

నా సంగతి చెప్తాను. కొత్తలో ఒక కాంట్రాక్టర్‌కు బిడ్ వేస్తున్నాను. సాయంత్రం 5 గంటలకు గడువు. కాగితాలన్నీ సిద్ధం. మధ్యాహ్నం డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ పెడితే, దాని గడువు ముందురోజే తీరిపోయింది. కొత్తది చేతికొచ్చేసరికి బిడ్ మూసుకుపోయింది. ఆయన ఒక్క మాట అనలేదు. మళ్లీ ఫోనూ చేయలేదు.

సివిల్ పనుల్లో అంచనా కంటే తక్కువకు, అంటే లెస్‌కు వేయడమే మగతనం అనుకుంటారు. అంచనా 10 లక్షలైతే 35 శాతం లెస్ కొడతారు. 25 శాతం దాటిన లెస్‌కు ఆ పైనున్న తేడా మొత్తాన్ని అదనపు గ్యారంటీగా కట్టాలనే షరతు చాలా నోటీసుల్లో ఉంటుంది. అంటే ఈ లెక్కన ఇంకో లక్ష ఇరుక్కుంటుంది. ఆ మాట ముందే చెప్పి ‘ఇది వద్దన్నా’ అనగలిగితే మీ ఫీజు మీకు వచ్చినట్టే. అందుకే గెలిస్తే వాటా అనే బేరం నాకు నచ్చదు. వద్దని చెప్పే నోరు అక్కడే మూతపడుతుంది. ఫైలుకింత అనో, నెలకింత అనో మాట్లాడుకోండి. ఇక నలుగురు కాంట్రాక్టర్లు కూర్చుని రేట్లు కుదుర్చుకుని రింగు కట్టే చోట మీ లాప్‌టాప్ తెరవద్దు. పోటీ చట్టం కింద అది జరిమానా పడే పని.

సరుకు తయారుచేసే యూనిట్లకు మాత్రం నియమాలు కలిసొస్తాయి. చిన్న పరిశ్రమగా గుర్తింపునిచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్‌కు రూపాయి ఫీజు లేదు. కేంద్ర శాఖలు, సంస్థలు తమ కొనుగోళ్లలో 25 శాతం సూక్ష్మ, చిన్న పరిశ్రమల నుంచి తీసుకోవాలి. అందులో 4 శాతం ఎస్సీ, ఎస్టీలవి, 3 శాతం మహిళలవి. ఎల్‌-1, అంటే అతి తక్కువ ధర వేసిన బిడ్, పెద్ద కంపెనీది అయి, మన ధర 15 శాతం లోపు ఎక్కువుంటే, ఆ తక్కువ ధరకు దిగి కొంత ఆర్డరు తీసుకోవచ్చు. కొని అమ్మే ట్రేడర్లకు ఇది వర్తించదు. చాలామంది ఓనర్లకు ఈ సంగతే తెలియదు.

బీకాం, సివిల్ డిప్లొమా ఉంటే సులువు, లేకపోయినా ఫర్వాలేదు. రాష్ట్ర పోర్టల్లో మీ జిల్లా పాత టెండర్లు తెరవండి. ఎవరు వేశారు, ఎవరిది టెక్నికల్‌లోనే పోయింది, ఎల్‌-1 ఎంతకు వచ్చింది అన్నవి నోటు పుస్తకంలో రాసుకోండి. ఏడాది రాశాక ఆ పుస్తకం పట్టుకుని ఓనర్ దగ్గరకు వెళ్లండి.