నీటి పాఠం కొళాయి దగ్గరే

"నీటిని పొదుపుగా వాడాలి" అని మన పిల్లలు పరీక్షలో వ్రాసి పూర్తి మార్కులు తెచ్చుకుంటారు. అదే పిల్లలు కొళాయి ధారగా వదిలి వుజూ చేస్తారు. తప్పు వారిదేనా? కాదు. మనం వారికి వాక్యం నేర్పాం, అలవాటు నేర్పలేదు.

పర్యావరణాన్ని బడులలో తప్పనిసరిగా బోధించాలని సుప్రీంకోర్టు 1991లో ఆదేశించింది. 2003లో మళ్ళీ చెప్పవలసి వచ్చింది. పాఠం పుస్తకంలోకి వచ్చింది గాని, చాలాచోట్ల అక్కడే ఆగిపోయింది.

మదనపల్లె సమీపంలోని రిషివ్యాలీ విద్యాసంస్థ పల్లె పిల్లల కోసం రూపొందించిన పద్ధతి చూడండి. వేర్వేరు తరగతుల పిల్లలు ఒకే గదిలో కూర్చుంటారు. బొమ్మల గుర్తులున్న కార్డులు తీసుకుని, తామే చేసి చూస్తూ, నిచ్చెన మెట్లెక్కినట్లు ఎవరి వేగంతో వారు ముందుకు సాగుతారు. ఉపాధ్యాయుడు పక్కన కూర్చుని సాయపడతాడు. చేతితో చేసిన పాఠం మనసులో నిలుస్తుంది.

ఈ సూత్రంతో నీటి పాఠం మన బడిలోనూ చెప్పవచ్చు. కొళాయి కింద తొట్టి పెట్టి పిల్లవాణ్ణి ఎప్పటిలాగే వుజూ చేయమనండి. తొట్టిలో పడిన నీటిని లీటరు సీసాతో వాడే కొలవాలి. తర్వాత దైవప్రవక్త (సల్లం) ఒక 'ముద్' నీటితో వుజూ చేసేవారని హజ్రత్ అనస్ (రజి) తెలిపిన హదీసు చెప్పండి. ముద్ అంటే సుమారు ఒక దోసెడు, లీటరుకు లోపే. రెండు కొలతలూ పక్కపక్కన పెడితే ఉపన్యాసం అక్కర్లేదు.

ఇక లెక్క వారినే వేయనివ్వండి. ఒక్కొక్కరు 3 లీటర్లు ఎక్కువ వాడితే, 40 మంది తరగతిలో ఒక్క పూటకు 120 లీటర్లు! దీన్ని తగ్గించే ఉపాయమూ వారినే అడగండి. ఒకరు చెంబు అంటారు, ఒకరు కొళాయి సన్నగా తిప్పుదామంటారు, మరొకరు వాడిన నీటిని మొక్కలకు మళ్ళిద్దామంటారు. అన్నీ చేసి, కొలిచి, గోడమీద వ్రాయించండి. సృజన అంటే ఇదే.

అయితే బడిలో నేర్చిన కొలత ఇంటికి రాగానే చెరిగిపోకూడదు. ఐదుగురున్న ఇంట్లో ఐదు పూటలా అదే 3 లీటర్ల దుబారా జరిగితే రోజుకు 75 లీటర్లు. పిల్లవాడు కొలపాత్ర పట్టుకుని మన ముందు నిలబడితే విసుక్కోకండి. నీరు మన సొత్తు కాదు, అల్లాహ్ మనకు అప్పగించిన అమానతు. ఈ రోజు అసర్ వేళ, ముందుగా మన వుజూ నీటినే కొలుద్దాం.