సెలవు దొరికేదాకా ఆగకు

గుంటూరు

చిరంజీవి చిన్నాకి,

కోడలికీ పాపకీ నా దీవెనలు చెప్పు. ఇక్కడ అమ్మా నాన్నా కులాసాగానే ఉన్నారు. నాన్నకి మోకాళ్ల నొప్పి ఎప్పటిలాగే ఉంది. మెట్లెక్కేటప్పుడు గోడ పట్టుకుంటాడు తప్ప నోరు విప్పి చెప్పడు. అమ్మకి కంట్లో శుక్లాలు మొదలయ్యాయన్నారు డాక్టరు. వారపత్రికలో చిన్న అక్షరాలు ఆనడం లేదని పక్కన పెట్టేస్తోంది.

మొన్న ఫోన్లో నువ్వన్న మాట మీదే ఈ ఉత్తరం. "ఫ్లాటు అప్పు తీరిపోనీ పెద్దమ్మా, అప్పుడు అందరినీ కాశ్మీరు తీసుకెళ్తా. పుస్తకాలూ పాటలూ అన్నీ అప్పుడే తీరిగ్గా" అన్నావు. అప్పు తీర్చాలన్న పట్టుదల మంచిదే. నేను కాదనను. కానీ అప్పు తీరేసరికి నాన్న మోకాళ్లు కాశ్మీరు కొండలెక్కే స్థితిలో ఉండవు. పాప నీ వేలు పట్టుకుని నడిచే వయసూ దాటిపోతుంది. ఇక నీ సంగతి. ఏళ్ల తరబడి పుస్తకం పట్టని చేతికి ఒక్కసారిగా తీరిక దొరికితే పుస్తకం తెరవడం రాదు. చదవడం, చూడటం, వినడం వాడుకలో ఉంటేనే నిలుస్తాయి. అందుకని కాశ్మీరుని అలాగే ఉంచి, నేను చెప్పేది చెయ్యి. ఒక పుస్తకం, ఒక ఊరు, ఒక మ్యూజియం. ఈ ఏడాదికి ఇంతే అడుగుతున్నాను.

పుస్తకం శంకరమంచి సత్యం గారి ‘అమరావతి కథలు’. పేరు వినే ఉంటావు, చదివి ఉండవు. ఆంధ్రజ్యోతి వారపత్రికలో వస్తున్నప్పుడు మేము వారం వారం ఎదురు చూసి చదివాం. బాపు బొమ్మతో సహా ఆ పేజీ చింపి దాచుకునేవాళ్లు కూడా ఉండేవారు. మొత్తం వంద కథలు. 1979లో రాష్ట్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. తర్వాత శ్యామ్ బెనగళ్ టీవీకి హిందీలో తీశాడు. ఒక్కో కథ మూడు నాలుగు పేజీలకి మించదు. వాటిలో రాజులుంటారు, పడవవాళ్లుంటారు, గుడి పూజారులుంటారు, ఆకలితో ఉన్నవాళ్లుంటారు. అన్నిటికీ వెనక కృష్ణ పారుతూ ఉంటుంది.

దీన్ని నువ్వొక్కడివే చదువుకోవద్దు. ఆదివారం రాత్రీ బుధవారం రాత్రీ అమ్మకి ఫోన్ చేసి ఒక్కో కథ పైకి చదివి వినిపించు. పది నిమిషాల పని. వారానికి రెండు చొప్పున ఏడాదికి పుస్తకం పూర్తవుతుంది. ఇప్పుడు మీరిద్దరూ ఫోన్లో ఏం మాట్లాడుకుంటున్నారో నాకు తెలుసు. తిన్నావా, తిన్నాను, ఎండలెలా ఉన్నాయి, పాప నిద్రపోయిందా. రెండు నిమిషాల్లో మాటలైపోతాయి. ప్రేమ లేక కాదు, చెప్పుకోవడానికి ఉమ్మడి విషయం లేక. మధ్యలో కథ ఒకటి ఉంటే "అచ్చం ఇలాంటి మనిషే మా పుట్టింటి వీధిలో ఉండేవాడురా" అని అమ్మ మొదలుపెడుతుంది. అక్కణ్ణించి నువ్వు ఊరికే వింటే చాలు. పాప పక్కన కూర్చుని వింటే మరీ మంచిది. బళ్లో ఇంగ్లీషు, వీధిలో తమిళం వినే పిల్లకి నిండైన తెలుగు వాక్యం చెవిన పడాలి కదా! నీ గొంతులో పడితే అది మరిచిపోదు.

పాతిక ముప్ఫై కథలయ్యాక ఊరు. అమరావతి మనింటి నుంచి బస్సులో గంట, మహా అయితే గంటంబావు. చిన్నప్పుడు బడివాళ్లు తీసుకెళ్లారని చెప్పి దాటెయ్యకు. ఆనాడు నువ్వు చూసింది పులిహోర పొట్లాం, నది ఒడ్డున ఇసక. ఈసారి నాన్నని ముందు నడవనీ. అమరేశ్వరుడి గుడిలో లింగం ఎంత ఎత్తంటే పూజారి పై అంతస్తులోంచి అభిషేకం చేస్తాడు. అది ఆయన పాపకి చూపించాలి, నువ్వు కాదు. తాతకి చెప్పే పని ఇస్తే తాత నడక మారుతుంది. మెట్ల దగ్గర మాత్రం నువ్వు పక్కనే ఉండు. చెయ్యి పట్టుకోమని ఆయన అడగడు.

తర్వాత స్తూపం దగ్గరికి వెళ్లండి. అక్కడ మిగిలింది గుండ్రని దిబ్బ, కొన్ని రాళ్లు. మొదటిసారి చూసినవాళ్లు "ఇంతేనా" అనుకుని వెనక్కి తిరుగుతారు. ఆ మాట నీ నోట రాకుండా ఉండాలంటే నీకు కథ తెలియాలి. శాతవాహనుల కాలంలో ఆ దిబ్బ చుట్టూ పలనాటి సున్నపురాయి కంచె ఉండేది. రాయి రాయికీ బొమ్మలే. 18వ శతాబ్దం చివర్లో ఊరి కట్టడాల కోసం ఆ రాళ్లు తవ్వుకుపోతుంటే మెకంజీ అనే సర్వేయరు వచ్చి చూశాడు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి చాలా రాళ్లని మద్రాసు పంపించాడు. వాటిలో 120కి పైగా 1859లో ఓడెక్కి లండన్ చేరాయి. ఇవాళ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. మిగిలినవి చాలా వరకు ఎక్కడున్నాయనుకున్నావు? నువ్వు బతుకుతున్న మద్రాసులోనే, ఎగ్మూరు మ్యూజియంలో. ఇన్నేళ్లుగా నువ్వు ఆ రోడ్డు మీదుగా ఎన్నిసార్లు వెళ్లి ఉంటావు! మన వైపు రాళ్లు, మన వైపు మనుషులు చెక్కినవి, నీకు లోకల్ రైలు దూరంలో ఉన్నాయి. వాటిని చూడకుండా ఇంతకాలం నువ్వు ఆ ఊళ్లో ఉన్నావంటే నాకు నిజంగా బాధగా ఉంది.

అందుకే మూడోది మ్యూజియం. అమ్మనీ నాన్ననీ మీ ఊరు రప్పించి తీసుకెళ్లు. వెళ్లాక నా మాట ఒకటి పాటించు. అన్నీ చూడొద్దు. 1851లో పెట్టిన మ్యూజియం అది. కంచు విగ్రహాలు, నాణేలు, తిమింగలం ఎముకలు, అన్నీ ఉంటాయి. గదులన్నీ తిరిగితే రాత్రికి కాళ్ల నొప్పులే మిగులుతాయి. నాళాగిరి ఏనుగు చెక్కిన గుండ్రటి రాయి ఎక్కడుందో అడిగి దాని దగ్గరికే నేరుగా వెళ్లు. నాన్నకి కూర్చోవడానికి ఏదైనా ఏర్పాటు చూడు. అరగంట అక్కడే ఉండు.

ఏం చూడాలో చెప్తాను. బుద్ధుడి మీదికి దేవదత్తుడు మదపుటేనుగుని వదిలిన కథ అది. ఒకే చట్రంలో ఏనుగు రెండుసార్లు కనిపిస్తుంది. ఒక పక్క వీధిలో పడి మనుషుల్ని తొక్కుతూ తొండంతో విసురుతూ వస్తుంది. జనం ఒకళ్ల మీద ఒకళ్లు పడుతుంటారు. ఇంకో పక్క అదే ఏనుగు బుద్ధుడి ముందు మోకాళ్ల మీద వంగి ఉంటుంది. ఈ రెండిటి మధ్య జరిగిన కాలాన్ని శిల్పి చెక్కలేదు, మన కంటికి వదిలేశాడు. పైన మేడల కిటికీల్లోంచి ఆడవాళ్లు తొంగి చూస్తుంటారు. ఒక్కొక్కరి మొహం చూడమని పాపకి చెప్పు. ఎవరు భయపడ్డారు, ఎవరు వింతపడ్డారు అని అడుగు. పెద్దవాళ్ల కంటే పిల్లలే ముందు కనిపెడతారు. దాదాపు రెండు వేల ఏళ్ల కిందటి మన వీధి అది. అలాంటి మేడలు, అలాంటి తోపులాట, అలాంటి నగలు. ఇంకొన్ని రాళ్ల మీద బుద్ధుడి బొమ్మే ఉండదు. ఖాళీ ఆసనం, పాదాల గుర్తులు, వాటి ముందు తల వంచిన మనుషులు. లేని మనిషిని ఉన్నట్టు చూపించడం ఎంత గొప్ప పనితనమో అమ్మకి వేరే చెప్పనక్కర్లేదు. అమ్మమ్మ కుర్చీలో ఆవిడ ఇప్పటికీ ఎవర్నీ కూర్చోనివ్వదు.

ఫోటోలు ఒకటో రెండో తియ్యి. అవి కూడా మీ మనుషులవి. రాళ్ల ఫోటోలు మనకంటే బాగా తీసినవాళ్లున్నారు. పాపకి ఒక పెన్సిలూ కాయితమూ ఇచ్చి ఏనుగుని గీయమను. తొండం ఎటు తిరిగిందో గీస్తేనే తెలుస్తుంది.

వాళ్లని రప్పించేటప్పుడు విమానం టికెట్లు తియ్యొద్దు. డబ్బు గురించి కాదు. పగటి పూట పినాకిని ఎక్కించు. వీలైతే నువ్వొచ్చి వెంట తీసుకెళ్లు. తెనాలి దగ్గర ఎక్కితే బాపట్ల, చీరాల, వేటపాలెం, ఒంగోలు, నెల్లూరు, అన్నీ కిటికీలోంచి కనిపిస్తాయి. వేటపాలెంలో 1918 నాటి సారస్వత నికేతనం ఉంది. ఆ గ్రంథాలయ భవనానికి 1929లో గాంధీగారు శంకుస్థాపన చేశారు. ఎప్పుడైనా అక్కడ ఒక పూట దిగాలి. పాత పత్రికలు అలా దాచిపెట్టిన చోట్లు మనకి ఎక్కువ లేవు. బాపట్ల దాటేటప్పుడు నాన్నని 1977 తుఫాను గురించి అడుగు. అప్పటికి ఆయన రేపల్లె వైపు బడి పిల్లవాడు. ఆ రాత్రి ఎక్కడున్నారు, తెల్లారి ఏం చూశారు అన్నది నీకెప్పుడైనా చెప్పాడా? నాకూ ముక్కలు ముక్కలుగానే చెప్పాడు. ఇంట్లో ఎదురెదురు కూర్చుంటే రాని మాట రైల్లో కిటికీ వైపు చూస్తూ వస్తుంది. పెన్నా వంతెన వచ్చేదాకా ఆయన్ని తొందరపెట్టకు.

నీకు ఇదంతా తీరిక ఉన్నవాళ్ల పని అనిపిస్తే, మీ ఊరి మనిషి సంగతే చెప్తాను. ఏనుగుల వీరాస్వామయ్య గారు మద్రాసు సుప్రీం కోర్టులో ఇంటర్‌ప్రిటర్. తెలుగు, తమిళం, ఇంగ్లీషు తెలిసి, ఊపిరి సలపని ఉద్యోగం చేసినవాడు. 1830 మే 18న బయల్దేరి, ఇంటివాళ్లూ పరివారమూ కలిపి దాదాపు వందమందితో కాశీ వెళ్లి, 1831 సెప్టెంబర్ 3న మద్రాసు తిరిగొచ్చారు. రైళ్లు లేని రోజులు. పల్లకీలు, బోయీలు, నడక. దారిలో చూసినదంతా రాసి స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లె గారికి పంపేవారు. వీరాస్వామయ్య గారు పోయాక 1838లో ఆ పిళ్లె గారే ‘కాశీయాత్ర చరిత్ర’గా అచ్చు వేయించారు. తెలుగులో మొదటి యాత్రా గ్రంథం అదే. అందులో నాకు నచ్చేది దేవాలయాల వర్ణన కాదు. ఏ మజిలీలో నీళ్లు బాగున్నాయి, ఎక్కడ సరుకులు దొరుకుతాయి, ఎక్కడ దారి బురద, ఏ ఊళ్లో అంగళ్లెన్ని, ఇవన్నీ రాశారు. వెనక వచ్చేవాళ్లకి పనికొస్తుందని అంత శ్రద్ధ. నువ్వూ రాయి. చిన్న నోటుబుక్కు చాలు. ఎక్కడ కాఫీ తాగారు, ఎంతైంది, నాన్న ఏమన్నాడు, పాప ఏమడిగింది. గొప్ప భావాలు రాయాలని కూర్చుంటే పెన్ను కదలదు. ధరలూ మాటలూ రాయి. పాతికేళ్లకి పాప చదువుతుంది.

ఒక సంగతి నీకు తెలియదనుకుంటా. మీ అమ్మ పెళ్లికి ముందు సంగీతం నేర్చుకుంది. వర్ణాల దాకా వచ్చింది. గొంతు నాకంటే బాగుండేది. పెళ్లయ్యాక సంసారం, మీ చదువులు, సంగీతం మాస్టారు ఊరు మారడం, అన్నీ కలిసి ఆగిపోయింది. శ్రుతిపెట్టె ఇంకా మా అటక మీదే ఉంది. నువ్వేమో డిసెంబరు వస్తే ఊరంతా కచేరీలు జరిగే చోట ఉన్నావు. మధ్యాహ్నం కచేరీలకి చాలా సభల్లో టికెట్టే ఉండదు. అక్కడ తమిళ పిల్లలు త్యాగరాజ కృతులు తెలుగులో పాడుతుంటే అమ్మ పక్కన కూర్చుని ఆవిడ చేతి వైపు చూడు. తాళం తప్పదు. నీకు రాగం పేరు తెలియకపోతే ఆవిణ్ణి అడుగు. కొడుకు తనని ఒక విషయం అడిగి నేర్చుకున్నాడంటే ఆవిడకి అంతకంటే ఏం కావాలి? కచేరీ అయ్యాక సభ క్యాంటీన్లో అందరూ కలిసి టిఫిన్ తినండి. నాన్న ఆ మాట వింటేనే వస్తానంటాడు.

కోడలి చేత ఇదంతా చదివించు. ఆమెకీ పుట్టింటివాళ్లున్నారు, ఆమెకీ ఒక ఊరుంటుంది, ఆ ఊరికీ ఒక పుస్తకమో గుడో ఉంటుంది. వచ్చే ఏడాది వాళ్ల వంతు. ఇంట్లో ఒక్క వైపు వాళ్ల జ్ఞాపకాలే పాపకి అందితే సగమే అందినట్టు.

వెళ్లేటప్పుడు ఆఫీసు ల్యాప్‌టాప్ ఇంట్లో వదిలెయ్యి. ఏడు రోజుల్లో పదకొండు ఊళ్లు చూపించే బస్సుల వాళ్లని పిలవకు. ఒక పూటకి ఒకటే చాలు.

పుస్తకం ఇవాళ పోస్టులో పంపుతున్నాను. నా ప్రతి అది. పేజీల అంచుల్లో పెన్సిల్ గీతలు నావే, చెరపకు. ఈ ఆదివారం మొదటి కథ మొదలుపెట్టు, అమ్మకి నేను చెప్పి ఉంచుతాను. అమరావతి మ్యూజియానికీ ఎగ్మూరు మ్యూజియానికీ శుక్రవారం సెలవు, అది చూసుకుని రైలు టికెట్లు తియ్యి.

నీ పెద్దమ్మ