పటం విప్పే ముందు

చిరంజీవి బిడ్డకు,

నీ ఉత్తరం అందింది. కూనపులివారి పటాన్ని ఫొటోలు తీసి ఆన్‌లైన్ గ్యాలరీలో పెట్టే పని నీకు అప్పగించారని చదివి కడుపు నిండింది. ఏ కెమెరా కావాలని అడిగావు. చెబుతాను గాని, ముందు ఆ పటం ఎవరిదో తెలుసుకో.

అది బట్ట మీద బొమ్మలుగా గీసిన పద్మశాలీల కులపురాణం. మార్కండేయుడి కథ, భావనారుషి కథ కూనపులివాళ్లు ఊరూరా తిరిగి పాడుతూ చూపిస్తారు. గౌడులకు గౌడజెట్టీలు, మాదిగలకు డక్కలివాళ్లు ఇలాగే పటం పట్టుకుని వస్తారు. ఏ ఊళ్లో ఎవరు కథ చెప్పాలన్నది తరతరాల హక్కు. అన్నదమ్ములు వేరుపడితే ఊళ్లను కూడా పంచుకుంటారు. గీసింది నకాశీలు, పాడేది కూనపులివాళ్లు, పోషించేది పద్మశాలీలు. వివరాల పట్టికలో ముగ్గురూ ఉండాలి. కథకుడి అనుమతి లేకుండా ఒక్క ఫొటో కూడా బయటికి పోకూడదు.

ఇక బట్ట సంగతి. చేర్యాల నకాశీలు ఖద్దరు మీద చింతగింజల అంబలి, సుద్దమట్టి, జిగురు కలిపి పూత వేసి, దాని మీద రంగులు దిద్దుతారు. పాతబడ్డ పూత మడత పడితే పెచ్చులూడుతుంది. కాబట్టి ముడతలు లాగి సాపు చేయకు, ఇస్త్రీ మాటే ఎత్తకు. బల్లకు ఆ చివర ఒక లావుపాటి గొట్టం, ఈ చివర ఒకటి పెట్టుకుని, ఇద్దరు మనుషులు మెల్లగా ఒక దాని నుంచి విప్పుతూ రెండో దానికి చుట్టాలి. కెమెరా పైనుంచి నిటారుగా కిందికి చూడాలి. ఫ్లాష్ వద్దు; రెండు పక్కల నుంచి 45 డిగ్రీల కోణంలో మెత్తటి వెలుతురు చాలు. రంగుల పట్టీ, కొలబద్ద ప్రతి విడతలోనూ మొదటి ఫొటోలో పడాలి. ఆ పట్టీ లేకపోతే బొమ్మల వెనకున్న ఎరుపు అసలు ఎంత ఎరుపో రేపు ఎవరూ తేల్చలేరు.

పటం 3 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవు అనుకో. అంగుళానికి 300 పిక్సెళ్ల లెక్కన అది దాదాపు 117 కోట్ల పిక్సెళ్లు. ఒక్క ఫొటోలో పట్టేది కాదు. 24 మెగాపిక్సెళ్ల కెమెరా ఉంటే చాలు. ఒక్కో ఫొటోలో 20 అంగుళాల వెడల్పే పట్టించు. కెమెరాను అడ్డంగా జరుపుతూ మూడు తీసి, అప్పుడు బట్టను ముందుకు జరుపు. పక్క ఫొటోతో మూడో వంతు కలవాలి, లేకపోతే అతుకు సరిగా కుదరదు.

నేను చేసిన తప్పొకటి చెప్పాలి. చాలా ఏళ్ల కింద ఒక పటం ఫొటోల్లో దీపం మసినీ, కింద ఒక మాసికనూ కంప్యూటర్లో తుడిచేశాను. బొమ్మ కొత్తదిలా మెరిసింది. కథకుడు చూసి చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, “మా అమ్మ కుట్టిన మాసిక ఏది?” అన్నాడు. పటం చిరిగితే ఆమె తన చీర ముక్కతో కుట్టిందట. మరకనూ మాసికనూ ఉన్నట్టే ఉంచు. అవి కూడా పటమే.

గ్యాలరీ వాళ్లతో ఒక మాట గట్టిగా అడుగు. తెర మీద పటమంతా ఒక్కసారిగా పరిచేస్తే కథ చచ్చిపోతుంది. కథకుడు కర్రతో ఒక్కో గడినే చూపిస్తాడు. ఏ బొమ్మ మీద ఎంతసేపు నిలవాలో పాట చెబుతుంది. అందుకే ఆయన పాడుతుండగా రికార్డు చేసి, గడికి గడి ఆ గొంతును జత చెయ్యి. పటం మొత్తం చూడాలనుకునేవాళ్లకు వేరే మీట పెట్టమను.

వీలైతే హైదరాబాద్‌లో జగదీశ్, కమలా మిత్తల్ మ్యూజియంవారి దగ్గరున్న దక్కన్ పటాలు చూసి రా. పాత పటాలు మిగలడం అరుదు, ఎందుకంటే జీర్ణించిన పటానికి మనిషికి చేసినట్టే కర్మ చేసి నదిలో కలపడం ఆనవాయితీ. నువ్వు ఫొటోలు తీసే పటాన్ని కూడా రేపు కూనపులివాళ్లు నదికి తీసుకెళ్తామంటే అడ్డుపడకు. ఫొటోలన్నీ, పాటంతా ఉన్న డిస్కు మాత్రం ముందు కథకుడి ఇంట్లో పెట్టి రా. గ్యాలరీకి ఆ తర్వాతే పంపు.

ఆశీస్సులతో,
మీ తాత