పాత వీడియో టేపులు - వాని పరిరక్షణము



మన యిండ్లలో బీరువాల యడుగునను, అటకలమీఁదను నల్లని వీడియో కాసెట్టులు కొన్ని పడియుండుట మీరు చూచియుందురు. 1982వ సంవత్సరమున మనదేశమునకు రంగుల టెలివిజను వచ్చిన పిమ్మట, వివాహములను, బారసాలలను వీడియో తీయించు నాచారము క్రమముగా ప్రబలెను. 1992వ సంవత్సరము ఆగస్టు 1వ తేదీన విశాఖ ఉక్కు కర్మాగారము జాతికి అంకితమయ్యెను. ఆ కాలమున ఉద్యోగార్థమై వచ్చి ఉక్కునగరమునను, గాజువాకలోను కాపురముండిన కుటుంబముల వేడుక లనేకము ఇట్టి టేపులమీఁదనే నిలిచియున్నవి. వానిలో కనఁబడు పెద్దలు కొంద ఱిప్పుడు లేరు. వారి నడకయు, కంఠస్వరమును వేఱొకచోట దొరకవు.

టేపు మిగిలినను దాని నాడించు యంత్రము దుర్లభమగుచున్నది. ఈ యంత్రములను కడపటివఱకు తయారుచేసిన జపానుదేశపు ఫునాయ్ కంపెనీ 2016వ సంవత్సరమున ఆ పని మానివేసెను. కావున టేపులోని దృశ్యములను కంప్యూటరు గ్రహించు డిజిటల్ రూపములోనికి మార్చుకొనుట యవసరము.

టేపు స్వభావము

వీ.హెచ్.ఎస్. టేపు అర అంగుళము వెడల్పుగల పాలియెస్టరు పట్టీ. దానిపై మిక్కిలి సన్నని ఇనుప ఆక్సైడు పొడిని ఒకవిధమగు జిగురుతో పూసియుందురు. బైలడిల్లా కొండలనుండి మన రేవునకు వచ్చు ఖనిజమును ఇనుప ఆక్సైడే. అణువుల యమరిక మాత్రము వేఱు. టేపుమీఁది పొడి అయస్కాంతశక్తిని పట్టియుంచును. ఆ శక్తియందలి భేదములే బొమ్మగాను, ధ్వనిగాను వెలువడును. యంత్రములోని డోలు సెకనునకు 25 మాఱులు తిరుగును. దానికి అమర్చిన రెండు హెడ్డులు టేపుపై నేటవాలుగా నున్న గీతలను సెకనునకు 50 చొప్పున చదువును. అందుచే టేపు రవంత ముడుతపడినను బొమ్మ చెడును.

టేపునకు శత్రువులు

మొదటి శత్రువు తేమ. సముద్రతీరమున నున్న మన నగరమున గాలియందు తేమ యెక్కువ. పూతలోని జిగురు తేమను పీల్చి క్రమముగా చెడి, బంకబంకగా మారును; బూజును పట్టును. రెండవది వేడిమి, మూడవది అయస్కాంతము. కనుక టేపులను రేకుల గదిలోను, స్పీకర్ల చెంతను ఉంచరాదు. 2014వ సంవత్సరము అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను ఈ నగరమును తాఁకినది. అట్టి గాలివానలో ఒక్క కిటికీ తెఱచుకొన్నను పెట్టెలోని టేపులన్నియు తడియవచ్చును.

మార్చు విధానము

1. కాసెట్టు వెనుక అంచుననున్న చిన్న ప్లాస్టిక్ రేకును విఱుగఁగొట్టవలెను. అప్పుడు పొరపాటున దానిపై మఱియొకటి రికార్డగుట సంభవింపదు.

2. తెల్లని బూజు కనఁబడిన టేపును యంత్రములో పెట్టరాదు. యంత్రము చెడును, బూజు తక్కిన టేపులకును వ్యాపించును. దానిని పని తెలిసినవారికే ఒప్పగింపవలెను.

3. మంచి టేపును చివరవఱకు ఒకమాఱు చుట్టి, వెనుకకు త్రిప్పి, పిమ్మట ఆడింపవలెను.

4. యంత్రమునుండి పసుపు తీఁగ బొమ్మను, ఎఱుపు, తెలుపు తీఁగలు ధ్వనిని కొనివచ్చును. వీనిని క్యాప్చర్ పరికరమునకు తగిలించి, దానిని కంప్యూటరునకు కలుపవలెను. ఎస్-వీడియో తీఁగకు వీలున్నచో బొమ్మ మఱింత తేటగా వచ్చును.

5. ఈ పనికి తొందర పనికిరాదు. మూడు గంటల టేపునకు మూడు గంటలు పట్టును.

మన దేశపు పద్ధతిలో తీసిన దృశ్యమును నిలువున 576 గీతలతో భద్రపఱుపవలెను. డీవీ అను రూపములో గంటకు సుమారు 13 గిగాబైట్లగును. ఇట్టి పెద్ద ఫైలును మూలముగా దాఁచి, చూచుటకు చిన్న ఎంపీ4 ప్రతిని వేఱుగా చేసికొనవలెను.

పిమ్మట చేయవలసినది

ఒక్క ప్రతిని నమ్మరాదు. మూడు ప్రతులు చేసి, వానిలో నొకటి వేఱొక ఊరి బంధువులయొద్ద నుంచుట క్షేమము. డిజిటల్ ప్రతి వచ్చెనని పాత టేపును పాఱవేయరాదు. మఱింత మేలైన ప్రతి తీయుటకు అది ముందు ముందు పనికివచ్చును.

అన్నిటికన్న ముఖ్యమైన పని యొకటి కలదు. దృశ్యములో నున్నవారి పేళ్లను యంత్రము చెప్పజాలదు. పందిటిలో వడ్డించుచున్న దెవరు, పెండ్లికూఁతురి ప్రక్కన నిలిచిన బిడ్డ యెవరు, పాడుచున్న ముసలమ్మగారిది ఏ యూరు - ఇవి తాతగారికో, నాయనమ్మగారికో తెలియును. వారిని కూర్చుండఁబెట్టి చూపుచు, నిమిషము నిమిషమునకు పేళ్లు వ్రాసికొనుఁడు. చెడిన టేపునైనను నేర్పరి కొంత బాగుచేయఁగలఁడు. పెద్దలతో పోయిన పేళ్లను ఎవ్వరును తిరిగి తేలేరు. కాఁబట్టి రాఁబోవు సెలవులలోనే అటకమీఁది పెట్టెను దింపి, ఒక్క టేపుతోనైనను ఈ పని ప్రారంభింపుఁడు.