ట్రాన్సిట్ క్యాంపు నుంచి సొంతింటికి

కరీంనగర్, నిజామాబాద్, పాలమూరు వైపు నుంచి వచ్చి ముంబై కామాటిపురా గల్లీల్లో ఖోలీ (గది) పట్టుకుంటున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఈ పేటకు పేరు పెట్టింది మన కామాటీలే. పద్దెనిమిదో శతాబ్దం చివర నిజాం ఇలాకా నుంచి వచ్చి బొంబాయి మేడలకు రాళ్లెత్తినవాళ్లు. ఇప్పుడు ఆ పేటలోని పాత చాళ్లు (వరుస గదుల భవనాలు) పడగొట్టి కొత్తగా కట్టే రోజులొచ్చాయి. పాత ఖోలీ ఖాళీ చేయాలి, కొన్నేళ్లు ఇంకెక్కడో తలదాచుకోవాలి, తిరిగి రావాలి. ఈ మూడింటికీ ముందునుంచే సిద్ధపడాలి.

ఖోలీలో దిగకముందే ఒకటి అడగండి: భాడా పావతి (అద్దె రసీదు) ఎవరి పేరున ఉంది? ఇక్కడ ఎక్కువ ఖోలీలు పగడీవి, అంటే ముందే పెద్ద మొత్తం ఇచ్చి తర్వాత కొద్దిపాటి అద్దెతో ఉండేవి. 1969కి ముందు కట్టి సెస్సు (మరమ్మతుల పన్ను) కడుతున్న భవనమైతే మరమ్మతులు, పునర్నిర్మాణం మ్హాడా (రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ) చూస్తుంది. కొత్త ఇల్లు ఇచ్చేటప్పుడు పావతిలో పేరున్నవాళ్లనే లెక్కలోకి తీసుకుంటారు. పగడీదారు దగ్గర మీరు అద్దెకుంటే ఎన్నేళ్లున్నా ఆ ఇల్లు మీది కాదు. పగడీ కొనేవాళ్లు యజమాని చేత పావతి తమ పేరుకు మార్పించుకోకుండా ఒక్క రూపాయి కూడా ఇవ్వొద్దు. అన్న పేరున ఉందిలే, బావ పేరున ఉందిలే అని ఊరుకున్న ఇళ్లలో తర్వాత మాటలే లేకుండా పోయాయి.

వర్లీ బీడీడీ చాళ్ల సంగతి మనకు దగ్గరి ఉదాహరణ. 1920లలో కట్టిన ఆ చాళ్లలో ఒక్కో ఖోలీ 160 చదరపు అడుగులు. 2025 ఆగస్టులో మొదటి విడతగా 556 కుటుంబాలకు 500 చదరపు అడుగుల ఫ్లాట్ల తాళాలు అందాయి. కట్టినన్నాళ్లూ కొందరు ట్రాన్సిట్ క్యాంపుల్లో (తాత్కాలిక ఇళ్లలో) ఉన్నారు, కొందరు నెలకు 25 వేల అద్దె తీసుకుని బయట ఇల్లు చూసుకున్నారు. పిల్లలున్నవాళ్లకు నేను అద్దె తీసుకోమనే చెబుతాను. క్యాంపు ఏ శివారులోనో రావచ్చు. కార్పొరేషన్ తెలుగు బడి అక్కడ దగ్గర్లో ఉండకపోవచ్చు. మేం క్యాంపులో పదకొండేళ్లున్నాం, మా చెల్లి తెలుగు రాయడం అక్కడే ఆగిపోయింది. ఆ లోటు ఇప్పటికీ నన్ను బాధిస్తుంది.

క్యాంపుకు వెళ్లేటప్పుడు పాత పావతులు, లైట్ బిల్లులు, రేషన్ కార్డు, ఖాళీ చేయించిన నోటీసు అన్నీ ఒకే పెట్టెలో పెట్టుకోండి. కొత్త ఇంటి ఒప్పందం రిజిస్టర్ అయిందో లేదో అప్పుడే చూసుకోండి. అందులో అడుగులెన్నో రాసి ఉండాలి.

ఇక తిరిగొచ్చే రోజు. తాళం చేతికి రాగానే సామాను ఎత్తకండి. భవనానికి ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చిందా, నల్లాలో కార్పొరేషన్ నీళ్లు వస్తున్నాయా, లిఫ్టు నడుస్తోందా చూడండి. నెలనెలా సొసైటీకి ఎంత కట్టాలో అడగండి. చాల్ భాడాకు అలవాటుపడ్డ ఇంటికి ఆ ఖర్చు బరువే. పాత ఖోలీలో మాళా (అటక) మీద పెట్టిన ఇత్తడి బిందెలు, ఇనప పెట్టెలు కొత్త ఇంట్లో పట్టవు. అమ్మ మాత్రం ఏదీ వదలనంటుంది. కొలత టేపు తీసుకెళ్లి గోడలు కొలిచాక ఆమెతో మాట్లాడండి.

ముందు కొత్త పొయ్యి మీద పాలు పొంగించండి, ఆ తర్వాతే క్యాంపు గది ఖాళీ చేయండి. ఆ గదిని ఎవరికో అద్దెకిచ్చి వెళ్లే వాళ్లను చూశాను. అది మనది కాదు, దాని కోసం ఇంకో కూలిన చాల్ కుటుంబం ఎదురుచూస్తుంటుంది. భాడా బకాయి తీర్చండి, కరెంటు మీటరు మూయించండి, తాళం అప్పగించి చేతిరాతతోనైనా రసీదు తీసుకోండి. ఆ రసీదు లేక బకాయి నోటీసులతో ఏళ్లు తిరిగినవాళ్లున్నారు. ఆధార్, గ్యాస్, ఓటరు కార్డుల్లో చిరునామా అదే నెలలో మార్పించండి.

ఇంకో మాట. కొత్త భవనంలో పొడుగాటి గ్యాలరీ ఉండదు. పక్కింటి పిన్ని గుమ్మంలో కూర్చుని పప్పు ఏరే చోటు, దసరాకి బతుకమ్మ పెట్టే చోటు అదే కదా. సొసైటీ మొదటి మీటింగులోనే నిలబడి అడగండి: ఆ తొమ్మిది రోజులు కింద ఖాళీ స్థలం మాకు కావాలి, బతుకమ్మను నీళ్లలో కలపడానికి డ్రమ్ము పెట్టుకోనివ్వాలి.