దిగబడిన బండిలో రేస్ తొక్కకండి

వానలు తగ్గుముఖం పట్టే రోజుల్లో ఒక ఆదివారం ఖాళీ పెట్టుకోండి. నలుగురు స్నేహితులు, రెండు ఫోర్ బై ఫోర్ బండ్లు, ఒక గట్టి తాడు చాలు. తెల్లారకముందే హైదరాబాద్ దాటండి. జహీరాబాద్ ప్రాంతంలోని రాయికోడ్ వైపు బండి తిప్పండి. పర్సనాలిటీ డెవలప్‌మెంట్ క్లాసు ఫీజు ముందు ఈ డీజిల్ ఖర్చు ఎంత? పైగా ఇక్కడ పాఠం చెప్పేది నల్లరేగడి. అది ఎవరి హోదానూ చూడదు.

మీరు మారగలరు. అందులో నాకు సందేహం లేదు. కానీ మార్చుకోవాల్సింది ఏమిటో ముందు కంటికి కనపడాలి. సాఫీగా సాగే రోజున అది కనపడదు. డాంబర్ రోడ్డు మీద అందరం మంచి డ్రైవర్లమే, అందరం శాంతమూర్తులమే. చక్రాలు బురదలో కూరుకుపోయి, స్నేహితులు బయట నిలబడి చూస్తున్నప్పుడు మీ కుడికాలు ఏం చేస్తుంది? మీ స్వభావం అక్కడ తెలుస్తుంది.

రాయికోడే ఎందుకు?

ఒకే రోజులో రెండు రకాల నేల దొరుకుతుంది కాబట్టి. జహీరాబాద్, బీదర్ వైపున్నది ఎర్రని లేటరైట్ నేల. బీదర్ కోటకు వాడిన రాయి అదే. వాన పడ్డా నీళ్లు త్వరగా ఇంకుతాయి. టైరుకు పట్టు దొరుకుతుంది. రాయికోడ్ దగ్గర మంజీర వైపు వెళ్లేకొద్దీ నల్లరేగడి ఎదురవుతుంది. ఎండాకాలంలో చెయ్యి దూరేంత నెర్రెలు. వాన పడిందా, అదే మట్టి నీళ్లు తాగి ఉబ్బుతుంది. పత్తికి, కందికి ఆ గుణం వరం, ఎందుకంటే తేమ చాలా రోజులు నిలుస్తుంది. టైరుకు మాత్రం గండం. నాలుగు చుట్లు తిరిగేసరికి గాట్లన్నీ బంకమట్టితో నిండిపోయి కొత్త టైరు కూడా గుండు టైరవుతుంది.

పొద్దున ఎర్రమట్టి మీద వచ్చిన ధీమా మధ్యాహ్నం నల్లమట్టిలో చెల్లదు. కొత్త ఉద్యోగంలో చేరిన సీనియర్లు ఎందుకు తడబడతారో మీకు ఇక్కడ అర్థమవుతుంది. నేల మారిందని గమనించకుండా పాత పద్ధతిలోనే నడిపేస్తుంటారు.

మా బృందంలో ఒక మిత్రుడున్నాడు. సాఫ్ట్‌వేర్ కంపెనీలో పెద్ద టీముకు లీడ్. తన బండి అప్రోచ్ యాంగిల్ ఎన్ని డిగ్రీలో నిద్రలో లేపి అడిగినా దశాంశంతో సహా చెబుతాడు. ఒక బండ్ల బాటలో, ఒర్రె దాటగానే, వెనక చక్రాలు దిగబడ్డాయి. పెద్ద కష్టమేమీ కాదు. అక్కడే ఆగి ఉంటే కాసేపట్లో తేలిపోయే పని. ఆయన తొక్కాడు. ఇంజిన్ అరిచింది. బురద లేచి మా చొక్కాల మీద పడింది. ఇంకా తొక్కాడు. బండి పక్కకు జారి, ఇరుసు నేలకు ఆనింది.

పక్క చేనులో పని చేసుకుంటున్న రైతు గట్టు మీదికి వచ్చి కాసేపు చూశాడు.

"జర ఆగుండ్రి సారూ. గట్ల తొక్కితే ఇంకింత కూసుంటది" అన్నాడు.

ఆ రోజు నేను విన్న అన్ని మాటల్లోకీ విలువైనది అదే.

అదెందుకు కూర్చుంటుందో తెలుసుకోండి. ఒకే ఇరుసు మీదున్న రెండు చక్రాలకు శక్తిని పంచేది డిఫరెన్షియల్. ఒక చక్రానికి పట్టు దొరక్కపోతే అది తేలిగ్గా తిరుగుతుంది. తేలిగ్గా తిరిగేదే గిర్రున తిరుగుతుంది, పట్టున్న చక్రం కదలకుండా ఉండిపోతుంది. తిరిగే చక్రం తన కింద తానే గుంత తవ్వుకుంటుంది. రెండు చక్రాలనూ కలిపి తిప్పే డిఫ్ లాక్ ఉన్న బండిలో ఈ బాధ తగ్గుతుంది, పూర్తిగా పోదు. మీరెంత కష్టపడితే అంత లోతుకు దిగుతారు. "కష్టపడితే చాలు" అని మనకు చిన్నప్పటి నుంచి చెప్పిన పెద్దలెవరూ నల్లరేగడిలో బండి నడపలేదనుకుంటా.

ఇది బండ్ల సంగతి మాత్రమే కాదు. 1976లో బ్యారీ స్టా అనే అమెరికన్ పరిశోధకుడు ఒక ప్రయోగం ప్రచురించాడు. తన పత్రం పేరులోనే మోకాల్లోతు బురదను పెట్టుకున్నాడు. బిజినెస్ విద్యార్థులకు ఒక ఊహా కంపెనీని అప్పగించాడు. కంపెనీలో రెండు విభాగాలు. పరిశోధన నిధి ఏదో ఒకదానికి ఇవ్వమన్నాడు. తర్వాత కొన్నేళ్ల ఫలితాలు ఇవీ అని చూపించి, మరికొంత డబ్బు పంచమన్నాడు. తాము ఎంచుకున్న విభాగం దెబ్బతిన్నదని కళ్లముందు కనపడుతున్నా, మొదటి నిర్ణయం సొంతంగా తీసుకున్నవాళ్లు మళ్లీ అందులోనే ఎక్కువ పోశారు. మొదటి నిర్ణయం ఇంకెవరిదో అయినప్పుడు అంత పోయలేదు.

గమనించారా? తెలివి తక్కువై తొక్కడం లేదు. నిర్ణయం నాది కాబట్టి తొక్కుతున్నాం.

పడిపోతున్న షేరును యావరేజ్ చేస్తూ కొంటాం. ఫ్యామిలీ గ్రూపులో గొడవ ముదిరాక ఇంకో పెద్ద మెసేజ్ టైప్ చేస్తాం. చదవలేనని తెలిసిపోయిన పిల్లాడికి అదే కోచింగ్ సెంటర్‌లో రెండో ఏడాది ఫీజు కడతాం. అన్నీ ఖాళీగా తిరిగే చక్రాలే.

ఈ అలవాటును ఆలోచనతో విడిపించలేం. కాలికి నేర్పాలి. నేర్పే క్రమం ఇది. వరస తప్పకండి.

1. కాలు తీయండి. చక్రం ఒక్క చుట్టు ఖాళీగా తిరిగిందంటే మీకు కబురు అందినట్టే. రెండో చుట్టు వద్దు.

2. దిగండి. సీట్లో కూర్చుని ప్లాన్ వేయకండి. ఏ చక్రం గాల్లో ఉంది, ఏది మునిగింది, ఇరుసు ఆనిందా, వంగి కళ్లతో చూడండి. ప్యాంటుకు బురద అంటుతుంది. అంటనివ్వండి.

3. టైర్లలో గాలి తగ్గించండి. రోడ్డు మీద 30 పీఎస్‌ఐకి అటూ ఇటూ ఉండేదాన్ని బురదలో 18–20కి దించుతారు. టైరు నేల మీద పరుచుకుంటుంది, పట్టు పెరుగుతుంది. నిజానికి ఈ పని బాటలోకి దిగకముందే చేయాలి.

4. తవ్వండి. వచ్చిన దారే అన్నిటికన్నా మంచి దారి, కాబట్టి వెనక్కి తీయగలరేమో ముందు చూడండి. ఇరుసు కింద మట్టి తీసి, చక్రానికి వాలు చేసి, రాళ్లో ట్రాక్షన్ బోర్డులో పెట్టండి.

5. అడగండి. మిగతా నాలుగూ చేస్తూనే అడగండి.

అయిదోదాని దగ్గరే చదువుకున్నవాళ్లం ఎక్కువ టైమ్ పోగొట్టుకుంటాం. మా మిత్రుడు ఆ రైతును సాయం అడగడానికి ముందు మొబైల్‌లో వీడియోలు వెతికాడు. సిగ్నల్ లేదు. మా రెండో బండికి కూడా ఆ బురదలో పట్టు దొరకలేదు. చివరికి "అన్నా, ట్రాక్టర్ దొరుకుతదా?" అని అడిగాడు. జహీరాబాద్‌లో మహీంద్రా ట్రాక్టర్ల ఫ్యాక్టరీయే ఉంది. ఈ చుట్టుపక్కల ట్రాక్టర్‌కు కరువేమిటి? వచ్చింది, లాగింది. అడగడానికి పట్టిన సేపే ఎక్కువ.

అడగడం ఒక స్కిల్. దానికి మూడు ముక్కలు చాలు: ఏమైంది, ఏం కావాలి, మీకు వీలవుతుందా? సాకులు చేర్చకండి. "మామూలుగా అయితే నేనే తీసేవాణ్ని కానీ" అనే మాట అసలు ఎత్తకండి. డీజిల్ డబ్బులు మీరే ముందు ప్రస్తావించండి. బండి బయటపడ్డాక ఇంకో పని మిగిలి ఉంటుంది. మీరు చేసిన గుంతను మీరే పూడ్చాలి. రేపు ఆ బాటలో ఎడ్లబండి పోవాలి, పత్తి మూటలు పోవాలి. మీ అడ్వెంచర్ వేరేవాళ్లకు దారి.

తాడు విషయంలో మాత్రం ధైర్యం ప్రదర్శించకండి. ఇక్కడ జాగ్రత్తే మగతనం, ఆడతనం, అన్నీ. లాగే తాడును కంపెనీ ఇచ్చిన రికవరీ పాయింట్‌కే కట్టాలి. ట్రైలర్ తగిలించే గుండ్రటి బంతికి ఎప్పుడూ కట్టకూడదు. అది తెగిందంటే తుపాకీ గుండులా వస్తుంది. తాడు మధ్యలో ఒక బరువైన గోనెసంచో దుప్పటో వేయండి, తెగినా ఎగరకుండా కిందికి పడుతుంది. చూసేవాళ్లంతా తాడు పొడవుకు ఒకటిన్నర రెట్ల దూరం జరగాలి. ఎంత మంచి వీడియో వస్తుందనిపించినా సరే, జరగాలి.

ఇక మాట వినడం.

బండి ముందు నడుస్తూ దారి చూపించే మనిషిని స్పాటర్ అంటారు. డ్రైవర్‌కు బానెట్ కిందున్న రాయి కనపడదు, స్పాటర్‌కు కనపడుతుంది. అతను ఎడమ అంటే ఎడమే. మీ కళ్లు కుడి అని చెబుతున్నా ఎడమే. ఇది చాలామందికి బురదకన్నా కష్టం. కష్టమనిపిస్తే గౌరవ్ గిల్‌ను తలుచుకోండి. ఆసియా పసిఫిక్ ర్యాలీ ఛాంపియన్‌షిప్‌ను 2013, 2016, 2017లలో గెలిచాడు. 2019లో అర్జున అవార్డు అందుకున్నాడు, మన దేశంలో మోటార్ స్పోర్ట్స్‌కు దక్కిన మొదటి అర్జున అది. ర్యాలీల్లో డ్రైవర్ పక్క సీట్లో నావిగేటర్ కూర్చుని రాబోయే మలుపులు చదువుతుంటాడు. ఇంకా కంటికి కనపడని మలుపులోకి ఆ గొంతును నమ్మి బండిని విసురుతారు. అంత పెద్ద డ్రైవర్‌కే ఒక గొంతు కావాలి. మనకు వద్దా?

అయితే ఒక్క గొంతే. ఇది గట్టి నియమం. నలుగురూ నాలుగు దిక్కులు చూపిస్తే బండి ఐదో దిక్కుకు పోతుంది. బయల్దేరేముందే ఈ రోజు స్పాటర్ ఎవరో తేల్చుకోండి. మిగతావాళ్లు నోరు మూసుకోవడం ప్రాక్టీస్ చేయండి. అదీ వికాసమే, నన్ను నమ్మండి.

సొంత బండి లేదా? ఇంకా మంచిది, స్పాటర్ పని మీరు తీసుకోండి. అరవకుండా, చేతి సైగలతో, భయపడుతున్న మనిషిని అడుగడుగునా నడిపించడం ఏ లీడర్‌షిప్ వర్క్‌షాప్ నేర్పుతుంది?

వాగులు, దిగుళ్ల గురించి రెండు ముక్కలు. నీళ్లలోకి బండి కన్నా ముందు మనిషి దిగాలి. కర్ర పట్టుకుని నడిచి లోతు, అడుగు చూడాలి. రెండో తరం మహీంద్రా థార్ బండికి కంపెనీ చెప్పే నీటి లోతు 650 మిల్లీమీటర్లు. అంటే మోకాలు దాటిన లోతు. పారే నీళ్లలో అంతదాకా పోకండి. నడవలేని ప్రవాహంలోకి బండి దించనే వద్దు. నీళ్ల మధ్యలో ఇంజిన్ ఆగిపోతే మళ్లీ స్టార్ట్ చేయకండి. లోపలికి నీళ్లు పోయి ఉంటే ఇంజిన్ పాడవుతుంది. నిట్టనిలువు దిగుడులో లో రేంజ్, మొదటి గేర్, క్లచ్ మీద కాలు వద్దు. బండిని ఇంజినే పట్టుకుంటుంది, మీరు స్టీరింగ్ పట్టుకోండి చాలు. స్టీరింగ్ లోపలికి బొటనవేళ్లు పెట్టకండి, చక్రం రాయికి తగిలి తిరిగితే వేలు విరుగుతుంది.

పంట ఉన్న చేనులోకి, అడగకుండా ఖాళీ చెలకలోకి కూడా బండి దించకండి. సింగూరు వెనుక నీళ్ల అంచున టైర్లు కడగాలని సరదా పుడుతుంది. ఆ జలాశయం నీళ్లు హైదరాబాద్ ఎన్నో ఏళ్లుగా తాగింది. మీ ఇంటి బిందెలో బురద కాళ్లు పెడతారా?

ఈ వారంలోనే చేయాల్సింది ఒకటుంది. కాగితం తీసుకోండి. ప్రస్తుతం మీ జీవితంలో ఖాళీగా తిరుగుతున్న చక్రం ఒక్కటి రాయండి. ఒక్కటే. దాని పక్కన, "ఈ నిర్ణయం ఇంకొకరిదైతే నేను ఇంకా డబ్బు, టైమ్ పెట్టేవాణ్నా?" అని రాసుకుని జవాబు రాయండి. జవాబు "లేదు" అయితే కాలు తీయాల్సిన రోజు వచ్చింది. కింద ఒక పేరు రాయండి, తాడు తేగల మనిషి పేరు. ఈ రాత్రే ఫోన్ చేయండి. రేపటికి ఇంకొంచెం కూసుంటది.

ఇక తిరుగు ప్రయాణం. సాయంత్రం అందరికీ అలసట, ఆకలి, గొప్పలు. ఇక్కడే క్రమశిక్షణ జారిపోతుంది. డాంబర్ రోడ్డు ఎక్కేముందు కంప్రెసర్ తీసి టైర్లలో గాలి మళ్లీ నింపండి. 18 పీఎస్‌ఐతో హైవే వేగం అందుకుంటే టైరు వేడెక్కి పగులుతుంది. రిమ్ముల లోపల అంటుకున్న నల్లమట్టిని కర్రతో గీకి తీయండి. అది ఎండి ఒకవైపు బరువు పెరిగితే ఎనభై దాటగానే స్టీరింగ్ వణుకుతుంది, అలైన్‌మెంట్ పోయిందనుకుని మెకానిక్‌కు అనవసరంగా డబ్బులిస్తారు. చక్రాల గూళ్లలో ఉండల్లా మిగిలిన బురదను కూడా అక్కడే దులపండి. జహీరాబాద్ దాటాక 65వ నంబర్ జాతీయ రహదారి మీద మీ వెనక బైకుల మీద కుటుంబాలు వస్తుంటాయి.